కొండకు మొదటి చేప

కొవ్వూరు చేపల బజారులో గంప దించగానే ఎవరో ఒకరు అడుగుతారు, "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని. "కాకినాడ పిల్లనండి" అనేదాన్ని నేను. వాళ్ళు అడిగింది పుట్టింటి గురించి కాదని నాకూ తెలుసు. అయినా మడుగుపాలెం మరిడమ్మ కోడల్నని చెప్పుకోవడానికి నోరొచ్చేది కాదు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. మా నాన్న వేటకెళ్తే ఒడ్డు కనపడని చోట వల వేసేవాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చి, ఎండాకాలం కుక్క కూడా పొట్ట తడవకుండా దాటే ఏటి పక్కన కాపరం పెట్టాను. ఆ ఏట్లో ఒక్క మడుగు. దానికొక కావలి. ఆ కావలి కోసం మా అత్త ఊరందరితో పోట్లాట. నాకు నవ్వొచ్చేది.

మా ఊరి పద్ధతి ముందు చెప్పాలి. మడుగుపాలెం దగ్గర గోదావరి వేసవికల్లా ఇసుక తేలిపోతుంది. ఎటు చూసినా మోకాలిలోతు పాయలే. కొండ మలుపు కింద మాత్రం ఒక మడుగు నిలుస్తుంది. ఏట్లో చేపలన్నీ ప్రాణాలు దక్కించుకోవడానికి అందులోకి చేరతాయి. వైశాఖ పున్నమికి గంగమ్మ జాతర చేసి, ఆ రోజే ఊరంతా కలిసి అక్కడ వల వేస్తారు. అందాకా దొంగ వలలు పడకుండా మడుగు నిండా వెదురు గుంజలు పాతి, ముళ్ళకంప ముంచి పెడతారు. నడిమధ్యన పసుపుగుడ్డ చుట్టిన గుంజ ఒకటి ఉంటుంది. అది గంగమ్మ గుంజ. కావలి కాసేవాళ్ళు తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ వెదురుని ఏటేటా కొండ మీది చింతలగూడెం వాళ్ళు మోసుకొచ్చి ఇస్తారు. బదులుగా మడుగులో పడ్డ మొదటి చేప కొండకి వెళ్తుంది. అది అక్కడికి చేరాకే ఊళ్ళో చేప పొయ్యెక్కాలి.

ఏడాదికో ఇంటి పెద్ద కావలి కాస్తాడు. మా మావగారు పోయాక ఇంటికి పెద్ద అత్తే. అందుకని మా వంతు వచ్చినప్పుడల్లా మమ్మల్ని దాటించి పక్కింటికి ఇచ్చేసేవారు. పోయినేడాది జాతరలో మళ్ళీ దాటించబోతుంటే ఆవిడ కొంగు బిగించి పందిట్లో నిలబడింది.

"ఆడోళ్ళు మడుగు కాయడమేంటి వదినా? మీ సత్తియ్య ఉన్నాడుగా" అన్నాడు తాతాజీ. ఆయన మా మావగారికి తమ్ముడి వరస, ఊరికి పెద్ద.

సత్తియ్య అంటే మా ఆయన. ఆ మాట వినగానే పందిరి గుంజ చాటుకి జరిగాడు. కోడి కూస్తే ఉలిక్కిపడే మనిషి, ఊరి కావలేం కాస్తాడు!

"నేనింకా పోలేదుగా, వాడు పెద్దెప్పుడయ్యాడు?" అంది అత్త. "గంగమ్మ మాత్రం ఆడది కాదేంటి? ఏరంతా ఆవిడ కాస్తంటే అందులో మడుగొకటి నేను కాయలేనా?"

అందరూ నవ్వారు. తాతాజీ కూడా నవ్వాడు గానీ, షరతు మాత్రం గట్టిగా పెట్టాడు. "సరే, కాయి. కొండకి మొదటి చేప చేరేలోగా మడుగు చేప ఊళ్ళో ఒక్క పొయ్యెక్కిందో, ఇక మీ గడపకి కావలి రాదు. ఇప్పుడే చెప్తున్నా."

అత్త వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. అరచేతిలో బొబ్బ వారం దాకా మానలేదు. ఆ ఏడు గంగమ్మ గుంజ ఆవిడే పాతింది.

ఈ వేసవి వచ్చేసరికి ఆవిడ కాపరం మడుగు గట్టు మీదికే మారింది. నేను క్యారేజీ పట్టుకెళ్ళాలి. ఓ రోజు గంజీ, ఉల్లిపాయా ఇచ్చి, నీళ్ళలో మిలమిలా తిరుగుతున్న చేపల్ని చూస్తూ అన్నాను, "ఒక్కటి పట్టి పులుసు పెడితే గంగమ్మ లెక్కేసుకుంటుందా అత్తా?"

"గంగమ్మ లెక్కేసుకోదే. నేనేసుకుంటాను" అంది.

పక్కనే కూర్చున్న పాపాయి పకపకా నవ్వింది. పాపాయి చింతలగూడెం మనిషి, గూడేనికి పెద్దది. కొండచీపుళ్ళు అమ్ముకోవడానికి దిగినప్పుడల్లా మా అత్త దగ్గర కూర్చుని వెళ్తుంది. ఇద్దరికీ ఎన్నేళ్ళ స్నేహమో వాళ్ళకే తెలీదు.

"ఈ ఏడన్నా కాస్త పెద్ద చేప పంపు మరిడీ. పోయినేడాది మీరు పంపినదాన్ని చూసి మా పిల్లి కూడా నవ్వింది."

"పిల్లి నవ్విందో, నువ్వే నవ్వావో. తిన్నప్పుడు ముల్లు కూడా మిగల్చలేదని విన్నాను."

"ఎండలు చూశావా? అడవంతా అప్పడంలా ఉంది" అంటూ పాపాయి లేచి, ఖాళీ కావిడి భుజానేసుకుని కొండెక్కింది.

మర్నాడే కొండ అంటుకుంది.

ఎలా అంటుకుందో ఎవరికీ తెలీదు. పొద్దున పొగలా కనపడింది మధ్యాహ్నానికి ఎర్రటి గీతలా కొండ నడుముకి చుట్టుకుంది. వెదురుపొదలు పేలుతుంటే ఆ చప్పుడు మా ఇళ్ళల్లోకి వినపడింది, దీపావళి టపాకాయల్లాగే. మా ఊరి పిల్లలు మొదట చప్పట్లు కొట్టారు. తర్వాత పెద్దవాళ్ళ మొహాలు చూసి మానేశారు. అత్త మాత్రం గట్టు దిగలేదు, కొండకేసి చూస్తూ అలాగే నిలబడింది. గూడెం నుంచి కిందికి దిగే దారి మంట వైపే ఉంది.

రాజమండ్రి వైపు నుంచి హెలికాప్టరు వచ్చింది. దాని కింద పొడుగాటి తాడుకి నారింజరంగు బకెట్టు వేలాడుతోంది. బకెట్టంటే మనం నీళ్ళు తోడుకునేది కాదు, ఓ చిన్న గది పట్టేంత ఉంటుంది. వచ్చింది, కొండ మీద నీళ్ళు కుమ్మరించింది, తిరిగి రాజమండ్రి వైపు వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి ఆరిన చోటే మళ్ళీ ఎర్రబడింది. మా మగాళ్ళంతా గట్టు మీద నిలబడి, మన పడవ మునుగుతున్నట్టు అరుస్తున్నారు.

మర్నాడు ఎండ ఎక్కుతుండగా ఫారెస్టు రేంజరు ప్రసన్నకుమార్ గారు జీపులో వచ్చారు. మొహం నిండా మసి. నిన్నటి నుంచీ కొండ మీదే ఉన్నట్టున్నారు.

"ఊరి పెద్ద ఎవరండీ?" అని తాతాజీ దగ్గరికొచ్చారు. "రాజమండ్రి దగ్గర ముంచుకుని ఇక్కడికి తెచ్చేలోగా మంట మాకన్నా ముందు పోతోందండి. ఇక్కడ ముంచుకుంటే నిమిషాల్లో తిరగొచ్చు. ఈ చుట్టుపక్కల ఇంత లోతు నీళ్ళు మీ మడుగులోనే ఉన్నాయి. కానీ ఆ గుంజలూ, కంపా ఉంటే బకెట్టు దించలేరు. అవి తీయించగలరా?"

"గూడెంలో మనుషులెలా ఉన్నారు బాబూ?" అత్త అడిగింది.

"ఊరి వెనక రాతిబండ మీదికి చేరారమ్మా. ఫోను కలుస్తోంది. మా వాళ్ళు దారి చేసుకుంటూ వెళ్తున్నారు. మంట వాళ్ళకంటే ముందు వెళ్ళకూడదు, అంతే."

తాతాజీ తల వంచుకున్నాడు. "ఈ ఏడు కావలి మా వదినదండి. తియ్యమనాల్సింది ఆవిడే."

గుంజలూ కంపా తీశాక చేప మడుగులో ఉండదు. ఆ పెద్ద యంత్రం గాలికి బెదిరి పాయల్లోకి చెదిరిపోతుంది. మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చిన చేపని పట్టకుండా ఎవడూరుకుంటాడు? జాతర దాకా ఆగేదెవరు? ఒట్టు గంగలో కలిసినట్టే. ఇదంతా అక్కడున్న అందరికీ తెలుసు. నాకు మా అత్త చేతి మీది మచ్చే కనపడుతోంది.

"అత్తా, ఒట్టో?" అన్నాను.

"ఒట్టు నేనేశానే. పాపాయి వెయ్యలేదుగా" అంది. "తియ్యండి."

ఇక చూడాలి మా ఊరివాళ్ళని! ఏట్లో ఎక్కడ పడవుంటే అక్కణ్ణుంచి తెచ్చారు. ముళ్ళకంప లాగితే చేతులు చీరుకుపోయాయి, ఎవరూ అబ్బా అనలేదు. మా ఆయన, నేను ఇందాక తక్కువచేసి చెప్పిన మా సత్తియ్య, ఊపిరి బిగబట్టి అడుగు దాకా మునిగి గుంజలు పెకలించాడు. ఎండ నడినెత్తికి రాకముందే మడుగంతా ఖాళీ.

అంతా ఖాళీయే గానీ, నడిమధ్యన గంగమ్మ గుంజ మాత్రం అలాగే ఉంది. దాన్ని తియ్యాలని ఎవరికీ తోచనే లేదు. అది మాకు గుంజ కాదు, గంగమ్మే. పైగా హెలికాప్టరు నడిపే ఆయనకి కనపడాలని అత్తే పడవలో వెళ్ళి దాని తలకి ఎర్ర రవికెగుడ్డ కట్టి వచ్చింది. "చూసుకుని పక్కన ముంచుకుంటాడు" అనుకున్నాం అందరం. రేంజరు గారు జీపులో ఫోను మాట్లాడుతున్నారు, ఆయన చూడలేదు.

హెలికాప్టరు కొండ చుట్టి మా నెత్తి మీదికి వచ్చింది. గాలికి ఇసుక లేచి కళ్ళు తెరవలేకపోయాం. బకెట్టు నీళ్ళ దాకా దిగింది. ఇంకాస్తలో ముంచుతుందనగా ఆగింది. రవికెగుడ్డ టపటపా కొట్టుకుంటోంది. బకెట్టు పైకి లేచింది. హెలికాప్టరు రాజమండ్రి వైపు తిరిగి వెళ్ళిపోయింది.

రేంజరు గారు పరిగెత్తుకొచ్చారు. "మధ్యలో ఆ గుంజేంటండీ!"

"ఒక్కటేగా బాబూ. గుర్తు కూడా కట్టాం" అన్నాడు తాతాజీ.

"తాడు దానికి చుట్టుకుందంటే హెలికాప్టరే నీళ్ళలోకి వస్తుందండి. లోపల మనుషులున్నారు. గాలికి తాడు ఎటు ఊగుతుందో వాళ్ళ చేతుల్లో ఉండదు. గుంజుంటే దించనని పైలట్ చెప్పేశారు."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. పైన వెదురు పేలుతూనే ఉంది.

అత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని పడవెక్కింది. నేను గడకర్ర అందుకుని వెనకాలే ఎక్కాను. ఎందుకెక్కానంటే చెప్పలేను. ఆవిణ్ణి ఒంటరిగా పంపబుద్ధి కాలేదు.

గుంజ దగ్గరికి వెళ్ళగానే ఆవిడ నీళ్ళలోకి దిగి రెండు చేతులా దాన్ని పట్టుకుంది. నుదురు దానికి ఆనించింది. "అమ్మా, పాతిందీ నేనే, తీస్తందీ నేనే. కోపమొస్తే నా మీద రా. ఇంకెవరి జోలికీ పోకు" అంది. తర్వాత లాగింది. ఏడాదిగా బురదలో దిగిన వెదురు, కదల్లేదు. మళ్ళీ లాగింది. ఊపిరి అందక దగ్గొచ్చింది.

నేను దూకి గుంజ మీద చెయ్యి వెయ్యబోయాను.

"ముట్టుకోకే! నన్ను పట్టుకో!"

మునిగి ఆవిడ నడుముని వాటేసుకున్నాను. అడుగున కాళ్ళు తన్నిపెట్టి పైకి ఎత్తాను. కాకినాడ సముద్రంలో నేర్చుకున్న ఈత ఆ రోజుకి అక్కరకొచ్చింది. బక్క ప్రాణం, గుప్పెడు ఎముకలు. కానీ ఆ ఎముకల్లో ఎంత పంతముందో నా చేతులకి తెలిసింది. ఆవిడ గుంజని లాగుతోంది, నేను ఆవిణ్ణి లాగుతున్నాను. గుంజ ఊడింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

గంగమ్మ గుంజని నేలన పెట్టకూడదు. అందుకని గట్టెక్కాక ఆవిడ దాన్ని చంటిపిల్లలా రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుంది. హెలికాప్టరు మళ్ళీ వచ్చింది. ఈసారి బకెట్టు బుడుంగున మునిగి, నిండుగా లేచింది. నీళ్ళు ధారలు కారుతూ మా నెత్తి మీంచే కొండకి వెళ్ళింది. "గంగమ్మ తల్లీ!" అని ఊరంతా ఒక్కసారే అరిచింది. రావడం, ముంచడం, వెళ్ళడం. కొండ మీద ఎర్రగీత తెగడం మొదలైంది. పొద్దు వాలేదాకా ఆవిడ గుంజ దించలేదు, కూర్చోలేదు. వచ్చినప్పుడల్లా గాలి ఆవిణ్ణి తోసేస్తుంటే నేను వెనకాల ఆనుకుని నిలబడ్డాను. మజ్జిగ నేనే తాగించాను. ఈవిడ మా అత్త అని లోకానికి అరిచి చెప్పాలనిపించింది నాకు. అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

మంట ఆరింది. గూడెంలో కొన్ని కప్పులు కాలాయి గానీ మనుషులందరూ క్షేమమని రేంజరు గారు ఫోను చేశారు. "మీ ఊరికి దండం పెట్టాలండి" అన్నారట తాతాజీతో.

దండం సరే. అనుకున్నంతా అయింది కూడా. ఆ సాయంత్రమే దిగువ పాయల్లో పిల్లలు తువ్వాళ్ళతో చేపలు పట్టారు. నాలుగైదు ఇళ్ళల్లోంచి పులుసు వాసన వచ్చింది. పసివాళ్ళని ఏమంటాం? ఆ రాత్రి అత్త అన్నం ముట్టలేదు.

జాతర దగ్గరపడ్డాక తాతాజీ ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చుని చుట్ట నలిపాడు.

"వదినా, నువ్వు చేసింది తప్పని ఎవరూ అనట్లేదు. కానీ మాట మాటే కదా. కొండకి చేప వెళ్ళకుండా ఊళ్ళో పొయ్యెక్కేసింది."

నాకు ఒళ్ళు మండింది. "అదేంటి చినమావయ్యా, గుంజలు తీసినప్పుడు మీరు లేరా? ఆ పులుసు మీ మనవడు తినలేదా?"

"నువ్వూరుకోవే" అంది అత్త. "అన్నమాట అన్నట్టు ఉండాలి మరిదీ. పున్నమినాడు గుంజ అప్పగించేస్తాను. ఇక మా గడపకి అడగను."

తాతాజీ వెళ్ళాక మాత్రం పెరట్లోకి పోయి, అటు తిరిగి కూర్చుని వక్కలు కత్తిరించింది. నోట్లో మాత్రం ఒక్కటీ వేసుకోలేదు.

పున్నమి వచ్చింది. డప్పులు, పసుపునీళ్ళు, వేపమండలు అన్నీ మామూలే. అత్త ఉతికిన చీర కట్టుకుని, పాత గుంజని ఎత్తుకుని గట్టు మీద నిలబడింది. వచ్చే ఏడు వంతు తాతాజీ ఇంటిది. ఆయన పక్కనే ఉన్నాడు. చింతలగూడెం వాళ్ళు ఈసారి వస్తారో రారో అనుకుంటుండగా కొండ బాటన డోలు వినపడింది. ముందు పాపాయి, వెనక నలుగురు కుర్రాళ్ళ భుజాల మీద పచ్చటి వెదురు. అంత మసిబారిన కొండలోంచి అంత పచ్చటి వెదురు దిగుతుంటే డప్పులవాళ్ళు కూడా చేతులాపి చూశారు.

"ఇదిగో మీ గుంజ" అంది పాపాయి. "మా ఊరి వెనక పొద బతికింది, దాంట్లోది. ఇంకో మాట. ఈ ఏడు మాకు చేప పంపక్కర్లేదు."

తాతాజీ మొహం పాలిపోయింది. "తప్పైపోయింది పాపాయమ్మా. మా పిల్లలు తెలీక..."

"పిల్లలేంటయ్యా? మాకు చేప ముందే అందిందంటున్నా."

"ఎవరు పంపారు?"

"ఆ గాల్లో ఎగిరే ఆయనే." పాపాయి కొంగుతో మొహం తుడుచుకుంది. "మేం బండ మీద ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని కూర్చున్నాం. పొగలో ఏం కనపట్లేదు. పోయాం అనుకున్నాం. మీ మడుగు నీళ్ళు మొదటిసారి తెచ్చినప్పుడే, బండ అంచున దడదడా పోశాడు. నీళ్ళతోపాటు టపీమని నా కాళ్ళ దగ్గర పడింది, మూరెడు శీలావతి చేప. మొప్పలు ఇంకా ఆడతన్నాయి. నాకు ఏడుపాగలేదు మరిడీ. నువ్వే పంపావనుకున్నాను. మంట చల్లబడ్డాక కాల్చి, అందరికీ తలా ఒక తునక పెట్టాను, ఎప్పట్లాగే."

"ఏ పూట?" అన్నాడు తాతాజీ.

"ఎండ నడినెత్తిన ఉంది. నీడ కాళ్ళ కిందే ఉంది."

పిల్లలు తువ్వాళ్ళు పట్టింది సాయంత్రం. ఆ లెక్క అక్కడున్న అందరి మొహాల్లోకి ఒకేసారి వచ్చింది. ముందు ఎవరో ఆడమనిషి నవ్వింది, తర్వాత ఊరంతా నవ్వింది, తర్వాత సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. మా ఆయన భోరుమన్నాడు.

అత్త మాత్రం పాపాయినే చూస్తోంది. "పిల్లి నవ్విందా?" అని అడిగింది.

"లేదు. దండం పెట్టింది."

తాతాజీ పచ్చ వెదురుకి పసుపుగుడ్డ చుట్టాడు. ఆయన వంతు కదా, ఆయనే పాతుతాడనుకున్నాం. తెచ్చి అత్త చేతుల్లో పెట్టాడు. "నా వంతు కూడా నువ్వే కాయి వదినా. మా అన్న ఉంటే ఇదే చేసేవాడు."

"కాస్తాను" అంది అత్త. "ఒట్టు మాత్రం వెయ్యను మరిదీ. చెయ్యింకా మండుతోంది."

ఆ జాతరకి మడుగులో చేప పెద్దగా పడలేదు. పడింది చాలన్నట్టే పంచుకున్నారు.

మర్నాడు మా వాటా గంపలో వేసుకుని కొవ్వూరు బస్సెక్కాను. బజారులో గంప దించానో లేదో ఒకావిడ చేపని తిరగేసి చూస్తూ అడిగింది, "ఎవరి తాలూకమ్మా నువ్వు?"

"మడుగుపాలెం మరిడమ్మగారి కోడల్నండి" అన్నాను. పక్క గంపలవాళ్ళకి కూడా వినపడేలాగే అన్నాను.

"ఆవిడా! హెలికాప్టరులో కొండకి చేప పంపిందట, ఆవిడేనా?"

"ఆవిడేనండి. మీకు మాత్రం గంపలోంచే ఇస్తాను, సంచి పట్టండి."